ధ కింద గీత పోకూడదు

బిర్కత్ అల్ అవామిర్ అంటే గోదాములు, లారీలు. ఇక్కడ మనవాళ్ళు ఉగాది కబురు ఫోన్‌లోనే, ఏదో వెబ్‌పేజీలో చూస్తారు. ఆ పేజీలో అక్షరాలు ఫోటోలాంటి బొమ్మగా ఉంటే, పెద్దది చేసినప్పుడు అలుక్కుపోతాయి. ధ కింద చిన్న గీత కనిపించదు. ‘ధార’ అంటే నీటి ప్రవాహం, ‘దార’ అంటే భార్య! నేర్చుకునే మనకి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

నా అభిప్రాయం ఇది. ఫోటోలకి గింప్ చాలు, ఫోటో అంటే రంగు చుక్కలే కదా. తెలుగు శీర్షికకి, లోగోకి మాత్రం ఇంక్‌స్కేప్ వాడండి. అది గీతలని లెక్కలుగా దాచుకుంటుంది. ఎస్‌వీజీగా సేవ్ చేస్తే ఎంత పెంచినా అంచులు చెదరవు. రెండూ ఉచితమే.

పెద్ద వాక్యాలు అసలు బొమ్మలో పెట్టకండి. పేజీలోనే టైప్ చేయండి. తెలియని మాటని కాపీ చేసుకుని నిఘంటువులో వెతుక్కుంటాం.