ఓడ మనకోసం ఆగదు

బెజవాడలో కాపురమున్న వాళ్లకు భవానీ ద్వీపం తెలియకుండా ఉండదు. బారేజీకి ఎగువన, కృష్ణ నడుమ ఉన్న ఆ లంకకు పడవమీద వెళ్లి, చెట్లకింద పులిహోర తిని, పిల్లలు ఊయల దిగమని మారాం చేస్తుంటే, "చివరి బోటు వెళ్లిపోతుందర్రా!" అని కేకలు వేయని తల్లి ఈ ఊళ్లో లేదు. ఆ బోటు తప్పితే ఏమవుతుంది? నలుగురూ నాలుగు మాటలంటారు. ఎవరో ఒకరు జాలిపడి మరో బోటు పంపుతారు. అంతేగదా!

సముద్రంమీద తిరిగే పెద్ద ఓడ దగ్గర ఈ లెక్క పనికిరాదని నాకు 2023లో తెలిసివచ్చింది. ఆ ఏడు జూన్ 5న చెన్నై నుంచి శ్రీలంకకు మొదటి విహార నౌక బయలుదేరింది. హంబన్‌తోట, త్రింకోమలి, కాంకేసన్‌తురై రేవులు చూపించి మళ్లీ చెన్నైకి తీసుకువస్తుందని పత్రికలో చదివి మావారు పొంగిపోయారు. అంతకు ముందు ఏడు విశాఖ నుంచి చెన్నైకి ఓడ నడిచినప్పుడే వెళదామన్నారు గాని, అప్పుడు మా అబ్బాయి పరీక్షలు అడ్డం వచ్చాయి. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అసలు ఆశ్చర్యం మా అమ్మ. ఆవిడది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి ఆవిడకు ఇరవై ఏళ్లు. పన్నెండేళ్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని చెట్టు దాకా నడిచింది. చెట్టు దొరికింది గాని చెయ్యి జారిపోయింది. ఆ తరువాత ఆవిడ సముద్రం మొహం చూడలేదు. మాఘ పౌర్ణమికి ఊరంతా హంసలదీవి స్నానానికి పోతే ఆవిడ ఇంట్లోనే ఉండేది. అటువంటి మనిషి, "నేనూ వస్తానే, అమ్మాయ్" అన్నది. నేను నమ్మలేకపోయాను.

"మీ నాన్నగారు రామేశ్వరం వెళదామని ఎన్నిసార్లు పిలిచారో! సముద్రం ఉంటుంది, నేను రానన్నాను. ఆయన ఒక్కరే వెళ్లివచ్చారు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉన్నది. త్రింకోమలిలో కోనేశ్వరస్వామి ఉన్నాడని అల్లుడుగారు చెప్పారు. ఈసారి కాదనను" అన్నది.

ఇక మా యింట్లో పథకాలు మొదలయ్యాయి. ఓడ రేవులో ఆగిన ప్రతిచోటా రెండు దారులుంటాయి. ఓడవాళ్లే బస్సులు పెట్టి ఊరు చూపిస్తారు. దానికి రుసుము వేరే. లేదా మన తిప్పలు మనం పడి, మన ఇష్టం వచ్చినచోటికి మనమే వెళ్లిరావచ్చు. ఓడవాళ్ల బస్సులో తొందర ఎక్కువ, మనకు కావలసిన గుడి ముందు పది నిమిషాలు కూడా ఆగనివ్వరని మావారి వాదన. అందులో కొంత నిజమున్నది. కాని ఆ బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ దానికోసం కాచుకుంటుంది. మన ఆటో ఆలస్యమైతే కాచుకోదు. రుసుములో సగం ఈ ధీమాకే ఇస్తున్నామన్న సంగతి మాకు అప్పటికి తట్టలేదు.

మావారు బ్యాంకులో లెక్కలు చూసే మనిషి. హంబన్‌తోటలో దిగాక చేయవలసిన పనులను కాగితంమీద గీతలు గీసి రాశారు. ముందు కదిరగామం, దారిలో తిస్సమహారామ స్తూపం, ఆ ఊరి చెరువు, వచ్చేటప్పుడు బుందల దగ్గర పక్షులు. ఓడ ఉదయం తొమ్మిదికి చేరుతుంది, సాయంత్రం అయిదుకు కదులుతుంది. ఎనిమిది గంటలు! విజయవాడ నుంచి ఏలూరు వెళ్లి భోంచేసి, వచ్చి, కునుకు తీయవచ్చునన్నారు.

ఆ ఎనిమిది గంటలు ఎట్లా కరిగిపోయాయో చెబుతాను, వినండి. తొమ్మిదికి ఓడ చేరడమంటే తొమ్మిదికి మనం దిగడం కాదు. కాగితాలు చూడడం, వరసలు కట్టడం అయ్యేసరికి పది దాటింది. దిగినచోటు ఊరు కాదు, రేవు. గేటు దాటి వ్యాను మాట్లాడుకునేసరికి మరో అరగంట. అయిదుకు ఓడ కదలడమంటే అయిదుకు మనం ఎక్కడం కాదు. నాలుగింటికే అందరూ లోపల ఉండాలని ముందు రాత్రి గదిలో పెట్టిన కాగితంలో రాసే ఉన్నది. మేమే సరిగా చదవలేదు. ఎనిమిది గంటలు అయిదున్నర అయ్యాయి. కదిరగామానికి సుమారు యాభై కిలోమీటర్లు. రానూ పోనూ దారికే సగం కాలం పోతుంది.

ఇది చాలదన్నట్లు ఆ రోజు పున్నమి. శ్రీలంకలో ప్రతి పున్నమీ ప్రభుత్వ సెలవుదినమే. బౌద్ధులంతా తెల్లబట్టలు కట్టుకుని కుటుంబాలతో గుళ్లకు బయలుదేరుతారు. కదిరగామంలో స్కందస్వామిని మనవాళ్లూ కొలుస్తారు, బౌద్ధులూ కొలుస్తారు, ఆ ఆవరణలోనే మసీదు కూడా ఉన్నది. ఇక జనానికి కొదవేమిటి! గర్భగుడిలో స్వామి విగ్రహం కనబడదు, తెర మాత్రమే దర్శనం. ఆ తెర చూడడానికి గంటన్నర నిలబడ్డాం. అమ్మ రక్తపుపోటు మాత్రలు ఓడలో ఉండిపోయాయి. మధ్యాహ్నం భోజనం లేదు. స్తూపాన్ని వ్యానులోంచే చూశాం. పక్షులు మమ్మల్ని చూశాయేమోగాని మేము వాటిని చూడలేదు. నాలుగుకు పన్నెండు నిమిషాలుండగా రేవు గేటు చేరాం. అమ్మ కాళ్లు తేలిపోతుంటే మా అబ్బాయి దాదాపు ఎత్తుకుని నడిపించాడు. మావారు నా మొహం చూడలేదు. నేనూ ఏమీ అనలేదు. అమ్మకు ఏదైనా అయివుంటే ఆ కాగితానికి జవాబు ఎవరు చెబుతారని ఇద్దరికీ తెలుసు.

ఆ రాత్రి ఓడ పైఅంతస్తులో కూర్చుని మళ్లీ లెక్కలు వేసుకున్నాం. త్రింకోమలిలో ఓడ తప్పితే ఏమి చెయ్యాలి? కొలంబో అక్కడికి సుమారు 260 కిలోమీటర్లు. కారు మాట్లాడుకుని పోయి, విమానం పట్టుకుని చెన్నై చేరాలి. ఖర్చంతా మనదే. పాస్‌పోర్టు ఓడవాళ్ల దగ్గర ఉంటే అది మరో తలనొప్పి. ఇదంతా తలుచుకుని మావారు తమ కాగితంలోని నాలుగు ఊళ్లనూ కొట్టేసి, "కోనేశ్వరం" అని ఒక్క మాట రాశారు. దానికింద, "టైము మిగిలితే కన్నియ ఉష్ణగుండాలు" అని చిన్న అక్షరాలతో రాశారు.

త్రింకోమలి రేవు లోకంలోని గొప్ప సహజ రేవుల్లో ఒకటి. ఈ రేవుకూ మన కోస్తాకూ ఒక చుట్టరికమున్నది. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసి, 9న ఈ త్రింకోమలిమీద వేశాయి. ఇంకా పాత చుట్టరికం మరొకటి. నాగార్జునకొండ శాసనంలో సింహళ భిక్షువుల విహారం ప్రస్తావన ఉన్నది. పదిహేడు వందల ఏళ్ల కిందటే వాళ్లు మన కృష్ణ ఒడ్డుకు వచ్చి ఉండిపోయారన్నమాట. బదులు తీర్చడానికి మేము నలుగురం బయలుదేరాం.

గేటు బయట ఆటో మాట్లాడాం. డ్రైవరు అరవం మాట్లాడతాడు, అమ్మ సినిమాల్లో విన్న అరవం మాట్లాడింది. పని జరిగిపోయింది. అతను చెప్పిన ధర విని మా అబ్బాయి గుండె ఆగినంత పనయింది. తీరా చూస్తే అతను చెప్పింది వాళ్ల రూపాయల్లో. మన రూపాయికి అక్కడ మూడు రూపాయలకు పైగా వస్తాయి. రెంటికీ పేరు రూపాయే కావడంతో వచ్చిన చిక్కు ఇది. ఏ దేశపు రూపాయలో ముందే తేల్చుకుని, చిల్లర దగ్గర పెట్టుకోవడం మంచిది.

కోనేశ్వరం స్వామిమలై కొండమీద, ఫ్రెడరిక్ కోట లోపల ఉన్నది. పాత గుడిని పోర్చుగీసువాళ్లు 1620ల్లో పడగొట్టి, ఆ రాళ్లతోనే కోట కట్టారు. 1956లో సముద్రంలో ఈదేవాళ్లకు కొండకింద నీళ్లలో పాత గుడి శిథిలాలు కనిపించాయి. ఇప్పటి గుడి ఆ తరువాత కట్టుకున్నది. కోటలో చుక్కల జింకలు మన వీధి ఆవుల్లాగా తిరుగుతుంటాయి. గుడి పక్కన బండలో నిలువునా ఒక చీలిక. దాన్ని రావణవెట్టు అంటారు. రావణాసురుడి తల్లి జబ్బుపడి గుడికి రాలేకపోయిందట. సరే, గుడినే తల్లి దగ్గరికి తీసుకుపోదామని కొండను పెకలించబోయి కత్తితో కొట్టాడట. ఆ కత్తి దెబ్బే ఈ చీలిక అని స్థలపురాణం. ఎన్ని తప్పులు చేసినా తల్లి విషయంలో మాత్రం రావణుడు మనవాడే అనిపించింది.

దర్శనం పదిన్నరకే అయింది. అప్పుడు అమ్మ కొండ అంచున పిట్టగోడ దగ్గరకు వెళ్లి నిలబడింది. కింద ఎంతో లోతున సముద్రం. ఆ నెలల్లో శ్రీలంకకు పడమటి పక్కన కెరటాలు ఎక్కువగాని, ఈ తూర్పు పక్కన నీళ్లు చెరువులాగా ఉంటాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మావారు వాచీ చూసుకున్నారు. కన్నియ ఎనిమిది కిలోమీటర్లే. ఇప్పుడు కదిలితే ఏడు గుండాలూ చూసి హాయిగా రావచ్చు. రాసుకున్న కాగితం జేబులోంచి తీశారు. తీసి, అమ్మవంక చూసి, మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"అత్తయ్యగారూ, తొందరేమీ లేదు. ఎంతసేపైనా ఉందాం" అన్నారు.

అమ్మ ఇటు తిరగకుండానే, "వాడుంటే ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు, అల్లుడుగారూ" అన్నది.

గుడి దగ్గర కొన్న పూలలో సగం స్వామికి ఇచ్చాం. మిగతా సగం ఆవిడ పైనుంచి నీళ్లలోకి వదిలింది. గాలికి కొన్ని మామీదికే తిరిగివచ్చాయి. ఆవిడ నవ్వింది. ఆ తరువాత కొబ్బరినీళ్లు తాగి, నీడన కూర్చుని, జింకలకు ఏమీ పెట్టకూడదని మా అబ్బాయి చెబుతున్నా వినకుండా వాటితో కబుర్లు చెప్పి, పన్నెండున్నరకు లేచింది. కావలసిన వేళకు రెండు గంటల ముందే ఓడ ఎక్కాం.

మా వరసలోనే గుంటూరు దంపతులుండేవారు. వాళ్లు నీలావెలి తీరం దాకా వెళ్లారు. వెళ్లడం బాగానే వెళ్లారు. తిరిగివచ్చేటప్పుడు ఆటో టైరు పంచరయింది. మెట్లవంతెన తీసేసే వేళకు ఆవిడ చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తుకు రావడం పైనుంచి అందరం చూశాం. ఓడంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ మాత్రం ఆ సాయంత్రం భోజనానికి రాలేదు.

మీలో ఎవరైనా ఇట్లా ద్వీపాలకు ఓడమీద మొదటిసారి బయలుదేరుతుంటే నాలుగు మాటలు చెబుతాను, చనువు తీసుకుంటున్నానని అనుకోకండి. ఓడ కదిలే వేళను మరచిపోయి, ఎక్కవలసిన వేళనే గుర్తుపెట్టుకోండి. దానికీ గంటన్నర ముందుగా రేవు చేరేట్లు లెక్క వేసుకోండి. శ్రీలంకలో గడియారం మనతో సమానమేగాని వేరే దేశాల్లో ఓడ గడియారం ఒకటి, ఊరి గడియారం ఒకటి కావచ్చు. ఓడ గడియారాన్నే నమ్మండి. దూరపు చోటు ముందు చూసి, దగ్గరిది చివర పెట్టుకోండి. ఆ రోజు అక్కడ పండుగో సెలవో కనుక్కోండి. వీసా నిబంధనలు మారుతుంటాయి, బయలుదేరేముందు మళ్లీ చూసుకోండి. పాస్‌పోర్టు నకలు, రోజూ వేసుకునే మందులు, ఓడవాళ్లిచ్చే కాగితంలోని రేవు ఏజెంటు ఫోను నంబరు చేతిసంచీలో ఉండాలి. నంబరు ఫోనులో ఉంటే చాలదు, కాగితంమీద రాసుకోండి. చోటు మరీ దూరమైతేనో, ఇంట్లో పెద్దవాళ్లుంటేనో ఓడవాళ్ల బస్సే ఎక్కండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అన్నిటికంటె ముఖ్యం, రేవుకు ఒక్క పని పెట్టుకోండి. మిగిలిన కాలాన్ని ఖాళీగా వదిలెయ్యండి. ఆ ఖాళీలో ఏమి జరుగుతుందో ఏ కాగితంమీదా రాసి ఉండదు.

కన్నియ ఉష్ణగుండాలు మేమింతవరకూ చూడలేదు. మొన్న మాఘ పౌర్ణమికి మాత్రం అమ్మ, "హంసలదీవికి బస్సు ఎన్నింటికే?" అని అడిగింది. మావారు కాగితం, కలం తీసుకుని కూర్చున్నారు.