పద్మిని కిందికి దిగాలి... పొట్ట తగలకూడదు!

వీరులపాడులో ఓ ఇల్లు ఊహించుకోండి. పక్కనే రేకుల షెడ్డు. అందులో తాతయ్య కొన్న ప్రీమియర్ పద్మిని. సెలవులకొచ్చిన మనవడు దుమ్ము దులిపి, రంగు వేయించి, 'ముందువైపు కాస్త కిందికి దించుదాం నాన్నా, అదిరిపోతుంది' అంటాడు. 'దించితే మన ఊరి స్పీడ్ బ్రేకర్ ఎవరు దాటిస్తార్రా?' అంటాడు తండ్రి. ఇద్దరి మాటా నిజమే. ఈ తగువు తీర్చాల్సింది ముందు చక్రాల దగ్గరుండే రెండు స్ప్రింగులు!

ఇటలీ ఫియట్ 1100కు బొంబాయి కుర్లాలో పుట్టిన చెల్లెలు పద్మిని. దీనికి వెనక కమాను పట్టీలు, ముందు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. పాత అంబాసిడర్‌కైతే ముందు టార్షన్ బార్లు. అందుకే పక్కింటి అంబాసిడర్‌కు చేసిన వైద్యం మన పద్మినికి పనికిరాదు.

ముందు కాటాకెక్కించండి

చదునైన నేల మీద కారు నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండువైపులా కొలవండి. ఏళ్ల తరబడి బరువు మోసిన స్ప్రింగు దానంతటదే కుంగిపోతుంది. కాబట్టి మీ కారు ఇప్పటికే కొంత దిగి ఉండొచ్చు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు. మార్చేటప్పుడు ఎప్పుడైనా జతగానే మార్చాలి.

తర్వాత వేబ్రిడ్జి. జగ్గయ్యపేట సిమెంటు లారీలు, నందిగామ పత్తి, మిర్చి లోడ్లు తూగే కాటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూయించండి. ట్యాంకు నిండా పెట్రోలు, సీట్లో డ్రైవరు ఉండాలి. మధ్యలో ఏసీ పెట్టించి ఉంటే ముందు బరువు పెరిగి ఉంటుంది. ఆ లెక్క లేకుండా స్ప్రింగు ఎంచుకోవడమంటే కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడమే.

గట్టిదైతే దిగుతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. స్ప్రింగు చక్రం మీద నేరుగా ఉండదు, చక్రాన్ని పట్టుకున్న చేయికి మధ్యలో ఉంటుంది. అది సరిగ్గా సగంలో ఉందనుకుందాం. అప్పుడు స్ప్రింగు దగ్గర ఒక సెంటీమీటరు తగ్గిస్తే చక్రం దగ్గర రెండు తగ్గుతుంది. చక్రం మీద 200 కిలోలు పడితే స్ప్రింగు మీద 400 పడతాయి.

సెంటీమీటరు నొక్కడానికి 40 కిలోలు కావాల్సిన స్ప్రింగైతే ఆ బరువుకు 10 సెంటీమీటర్లు కుంగుతుంది. 50 కిలోలు కావాల్సిన గట్టి స్ప్రింగు 8 మాత్రమే కుంగుతుంది. అంటే పాత పొడవుతోనే గట్టి స్ప్రింగు బిగిస్తే కారు దిగదు సరికదా, 4 సెంటీమీటర్లు పైకి లేస్తుంది! కారు 2 సెంటీమీటర్లు దిగాలంటే ఈ గట్టి స్ప్రింగు పాతదానికన్నా 3 సెంటీమీటర్లు పొట్టిగా ఉండాలి. దిగిన కారుకు కుంగే చోటు తక్కువ కాబట్టి కొంచెం గట్టిదే మేలు. అలాగని మరీ గట్టిదైతే వెనక సీట్లో అమ్మమ్మ నడుం పట్టేస్తుంది.

తీగ మందం విషయంలోనూ జాగ్రత్త. మిగతా కొలతలు అవే ఉంచి తీగను 12 మిల్లీమీటర్ల నుంచి 13కు పెంచితే గట్టిదనం దాదాపు 38 శాతం పెరుగుతుంది. అందుకే విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లేటప్పుడు 'పద్మినికి పొట్టి స్ప్రింగు' అని అడగకండి. తీగ మందం, చుట్ట వెడల్పు, చుట్ల సంఖ్య, పొడవు, చివర్ల ఆకారం... ఈ అయిదూ రాసుకెళ్లండి.

కోస్తే పోలా?

ఒక చుట్టు కోసేస్తే చవకే. కానీ కోసిన చివర గూట్లో సరిగ్గా కూర్చోకపోవచ్చు. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం మరీ ప్రమాదం. ఉక్కుకు పెట్టిన పదును పోతుంది, నాలుగు గోతులకే ఇంకా కుంగుతుంది. ఇంకోమాట... బిగించి ఉన్న స్ప్రింగులో ఎముక విరిచేంత బలం దాగి ఉంటుంది. సరైన పనిముట్టు లేకుండా ఇంట్లో విప్పొద్దు.

కొత్తది వేశాక కారును జాకీ మీద లేపి చూడండి. చక్రాలు వేలాడుతున్నప్పుడు స్ప్రింగు గూట్లో వదులుగా ఆడకూడదు. కింద రబ్బరు దిమ్మెకు తగలకుండా చోటుండాలి. షాక్ అబ్జార్బర్లు కొత్త స్ప్రింగుకు సరిపోవాలి. ఆపైన వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేదంటే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి.

ఎంత దించాలి?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఊళ్లలో అందరూ కలిసి పోసుకున్న దిబ్బలకు ఆ లెక్కలుండవు. కాబట్టి ఇంటిల్లిపాదినీ ఎక్కించి, కారు అడుగున అన్నిటికన్నా కిందున్న భాగం నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. హైవే మీద సాఫీగా పోయే కారు నల్లరేగడి చేల పక్క దారిలోనూ నడవాలి కదా! రెండు సెంటీమీటర్లతో కళ్లకు కనిపించే తేడా వస్తుంది. అత్యాశ వద్దు.

చట్టం మాటా వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమైన మార్పులను ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడగడం మంచిది. కాదంటే కంపెనీ ఎత్తుకే కొత్త జత వేయించుకోండి. కుంగిన కారు లేచి నిలబడితే అదీ అందమే.

దించినా దించకపోయినా పాత స్ప్రింగుల్ని మాత్రం తుక్కు కింద అమ్మొద్దు. గ్రీజు రాసి అటకెక్కించండి. తాతయ్య నడిపిన కారు ఎంత ఎత్తులో ఉండేదో చెప్పే సాక్ష్యాలు అవే మరి!