తప్పు పప్పుదేనా?

కేసముద్రం మార్కెట్టు యార్డులో కందుల రాశులు మీలో చాలామంది చూసే ఉంటారు. కందిపప్పులో కేసరి పప్పు కలిపి అమ్మేవాళ్లున్నారని పెద్దలు అనుకోవడం కూడా వినే ఉంటారు. దీన్నే లంకపప్పు అని కూడా అంటారు. "అది విషం, తింటే కాళ్లు పడిపోతాయి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటలో నిజం ఉంది. కాని అది సగం నిజమేనని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

మన మెదడులో, వెన్నుపాములో కోట్లాది నాడీకణాలున్నాయి. రెండు కణాల మధ్య సన్నని సందు ఉంటుంది. ఒక కణం ఆ సందులోకి గ్లుటమేటు అనే పదార్థాన్ని వదిలితే, అవతలి కణం ఉత్తేజం పొందుతుంది. పని కాగానే చుట్టుపక్కల కణాలు ఆ గ్లుటమేటును లోపలికి లాగేసుకుంటాయి. బడిగంట కొట్టి ఆపితేనే కదా అది పిలుపు! ఆపకుండా కొడుతూ ఉంటే? నాడీకణంలోకి కాల్షియం మితిమీరి చేరుతుంది. చివరికి కణం చచ్చిపోతుంది.

కేసరి గింజలో గ్లుటమేటును పోలిన ఎమైనో ఆమ్లం ఒకటి ఉంది. దాని పేరు ఓడాప్. 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ దాన్ని వేరుచేసి చూపారు. వీరిలో రావుగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. ఓడాప్ గ్లుటమేటు స్థానంలో కూర్చుని కణాన్ని రెచ్చగొడుతుంది. అంతేకాదు, నాడుల కొసలు గ్లుటమేటును లాగుకోవడానికీ అది అడ్డు తగులుతుందని 1974లో లక్ష్మణన్, పద్మనాభన్ ప్రయోగాలు తెలిపాయి. కాళ్లను కదిలించే నాడీకణాలు దెబ్బతిని, కాళ్లు బిగుసుకుపోతాయి. బుద్ధి మాత్రం చక్కగానే ఉంటుంది.

మరి కేసరి తిన్న ప్రతివారికీ ఇలా అవుతుందా? కాదు. ఆహారంలో మూడో వంతుకు మించి, నెలల తరబడి అదే తిన్నవారికి ఈ జబ్బు వస్తుంది. అలా ఎవరు తింటారు? మరొకటి దొరకనివారు! మధ్య భారతంలోని సాగర్ ప్రాంతంలో 1829లో వడగళ్ల వల్ల, 1830లో వానలు లేక, 1831లో తెగులు వల్ల గోధుమ పంట పోయింది. కేసరి ఒక్కటే నిలిచింది. జనం దాన్నే తిన్నారు. 1833లో ముప్పై ఏళ్లలోపు వారు ఎందరో కాళ్లు పోగొట్టుకున్నారని స్లీమన్ అనే ఆంగ్లేయ అధికారి రాశాడు. తరువాతి కాలంలో కొన్నిచోట్ల కూలీలకు కేసరి గింజలే కూలిగా కొలిచి ఇచ్చేవారు.

అయితే నిషేధిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. 1961లో కేసరి అమ్మకంపై నిషేధం వచ్చింది. కల్తీని అరికట్టడానికి అది అవసరమే. కాని నిషేధం ఆకలిగొన్నవాడి కంచంలో అన్నం పెట్టదు. బియ్యం, గోధుమలు పేదలకు అందిన కొద్దీ మన దేశంలో ఈ జబ్బు తగ్గుతూ వచ్చింది. ఓడాప్ నీటిలో కరుగుతుంది కనుక, గింజలను వేడినీటిలో నానబెట్టి ఆ నీటిని పారబోస్తే విషం చాలావరకు పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు చూపారు. రతన్, ప్రతీక్ వంటి ఓడాప్ తక్కువగా ఉన్న రకాలూ వచ్చాయి. వాన లేకున్నా పండే పంటను బాగుచేసుకోవడం తెలివైన పని కాదా?

కాబట్టి విద్యార్థులారా, ఏదైనా "విషం" అని ఎవరైనా అన్నప్పుడు అక్కడితో ఆగకండి. ఎంత తిన్నారు? ఎన్నాళ్లు తిన్నారు? దానితోపాటు తినడానికి వారికి ఇంకేముంది? ఈ మూడూ అడగండి. మొదటి రెండింటికి ప్రయోగశాల జవాబు చెబుతుంది. మూడోదానికి జవాబు మనమందరం చెప్పాలి.