నిమ్ము గోడలకు కొత్త పూతలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని బాగుచేసి చూడు అన్న మూడవ మాటను వారు చేర్చలేదు. ఆ కాలమున ఉన్న ఇల్లు అమ్ముకొనువారు అరుదు. అద్దె రాబడికై కొనువారు ఇంకను అరుదు. నేడు కర్నూలు పాత పట్టణమున ఏ వీథికి పోయినను ఏదో ఒక పాత ఇంటికి పరంజా కట్టి కనిపించుచున్నది. కువైట్‌లోనో, సౌదీలోనో పదేండ్లు కష్టించిన అన్నయో మామయో సొమ్ము పంపును. ఇల్లు కొందురు. రెండు నెలలలో సిమెంటు పూత, దానిపై పుట్టీ, దానిపై లేతరంగు. మూడవ నెలలో అద్దెకు. మన విద్యార్థులలో పలువురి కుటుంబములు ఈ దారిని నడచుచున్నవి. మన కళాశాల కమిటీ సయితము బీద విద్యార్థుల ఉపకారవేతన నిధిని బ్యాంకులో నిలువ ఉంచుటకంటె పాత ఇండ్లపై పెట్టి అద్దె రాబట్టుట మేలేమో యని యోచించుచున్నదని విన్నాము. యోచన మంచిదే. తెలుగు పాఠము చెప్పువారికి గోడల గొడవ ఏల యని పాఠకులు నవ్వుకొందురేమో. అట్టి ఇంటనే మేము పెరిగినాము. మాకున్న అర్హత అంతమాత్రమే.

2009 అక్టోబరు మొదటి వారమున తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచినవి. మాది మూరెడు మందమున్న రాతిగోడల ఇల్లు. మట్టితో పేర్చి, పైన సున్నము పూసినది. నీరు తలయెత్తున నిలిచి పోయినది. బురద ఎత్తిపోసిన పిదప ఆరు నెలలకే మా తండ్రిగారు మేస్త్రీని పిలిపించి గోడలకు రొమ్మెత్తు వరకు సిమెంటు గిలాబు చేయించి రంగు వేయించినారు. ఆ యేడు ఇల్లు చూడముచ్చటగా నుండెను. మరుసటి యేడు సిమెంటు అంచుకు సరిగా పైన తెల్లని ఉప్పుగీత ఒకటి బయలుదేరినది. ఆపై పాత సున్నపు పూత పెచ్చులూడసాగినది. నిమ్ము నడుమెత్తు నుండి తలయెత్తునకు ఎక్కినది. మరల గిలాబు, మరల రంగు. ఇట్లు మూడు పర్యాయములు. మా దాదీ పడుకొను గదిలో మంచము వెనుక నల్లని బూజు పట్టినది. ఆమె దగ్గును మేమందరము వయసు దోషమనుకొన్నాము.

కడపట ఒక ముసలి మేస్త్రీ వచ్చి, గోడను వ్రేలిమడుపుతో తట్టి చూచి, “గోడకు ఊపిరాడకుండా చేసినారు గదప్పా” అన్నాడు. ఆ మాటలో శాస్త్రమున్నదని మాకు తరువాత తెలిసినది.

దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్లు రాయి, ఇటుక, మట్టి తమ సన్నని రంధ్రముల గుండా నేలలోని నీటిని పీల్చుకొనును. సున్నపు పూతకును అట్టి రంధ్రములే ఉన్నవి గనుక పీల్చిన నీరు ఆవిరియై గదిలోనికో వీథిలోనికో పోవును. గోడ తడియును, ఆరును. పాత ఇండ్లు నూరేండ్లు నిలిచినది ఈ రాకపోకల వలననే. సిమెంటు పూత ఆ తలుపును మూసివేయును. దారి దొరకని నీరు పూత లేని చోటు దొరకువరకు పైకెక్కును. నీటితో వచ్చిన లవణములు పూత వెనుకనే పలుకులై పెరిగి, లోపలినుండి త్రోసి, పూతను ఊడదన్నును. రంగులో దోషము లేదు, రంగు వేసినవానిలోనూ లేదు.

ఇక్కడ ఒక విచిత్రమును చెప్పక తప్పదు. మన సీమలో మట్టిమిద్దె మీద ఏటేట వానలకు ముందు చౌడు పోయుట ఆచారము. తడిసినచో చౌడు ఉబ్బి, తన సందులను తానే పూడ్చుకొని నీటిని దిగనీయదు. నడినెత్తిన ఇంటిని కాచిన ఆ చౌడే గోడ మొదట చేరినపుడు ఇంటిని తినివేయుచున్నది.

నిమ్మంతయు నేలనుండియే వచ్చునని కాదు. వానకాలమున మాత్రమే, పైకప్పు మూలలనుండి దిగు మరకయైనచో మిద్దెనో, తూమునో అనుమానింపవలెను. ఏడాది పొడుగున, నేలనుండి మూడు నాలుగడుగుల వరకు వ్యాపించి, పైన ఉప్పుగీత గీసినట్లున్నచో అది నేలనీరు. ఒకే చోట, ఋతువుతో నిమిత్తము లేకుండ తడిగా నున్నచో గోడకావల స్నానాల గది యుండును. ఒక ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి నాలుగింటికిని స్నానాల గదులు కట్టుచున్న ఈ రోజులలో మూడవ కారణమే మిక్కిలిగా కనిపించుచున్నది. మరియొక సులభ పరీక్ష కలదు. మూరెడు చదరపు పాలిథీను ముక్కను గోడకు ఆనించి నాలుగంచులను టేపుతో మూసి రెండు దినములుంచవలెను. గోడవైపు చెమర్చినచో నీరు గోడలోనిది. గదివైపు చెమర్చినచో గాలిలోనిది, ఒక కిటికీ తెరచిన చాలును.

వీథుల సంగతియు గమనింపదగినది. పాత రోడ్డును త్రవ్వకయే దానిపై కొత్త సిమెంటు రోడ్డు వేయుచు వచ్చుటచేత అనేక వీథులలో ఇంటి గడపకంటె రోడ్డే ఎత్తైనది. ఒకనాడు మూడు మెట్లెక్కి ప్రవేశించిన ఇండ్లలోనికి నేడు ఒక మెట్టు దిగి పోవుచున్నాము. అట్టి ఇంటి గోడమొదలు నిత్యము తడినేలలో పాతుకొని యున్నట్లే. వెలుపల కాలువ త్రవ్వి నీటిని మళ్ళింపక లోపల ఎంత ఖరీదైన రంగు వేసినను ఫలమేమి?

మా ఇంటికి ఆ ముసలి మేస్త్రీ చేసినది ఇంతే. సిమెంటునంతయు ఊడగొట్టించినాడు. గోడవెంట కాలువ త్రవ్వించినాడు. రెండు వేసవులు గోడలను దిగంబరముగా వదలివేయుమన్నాడు. పిదప సున్నము పూసినాడు. అంగుళము మందము ఆరుటకు ఒక నెల అని ఇంగ్లండు కట్టడపు వృత్తిలో ఒక పాత లెక్క కలదు. మన ఎండలలో కొంత తగ్గవచ్చును గాని, మూరెడు గోడ ఆరు నెలలలో ఆరునని నమ్మిన మా తండ్రిగారి తొందరపాటు ఎంతటిదో తెలియుచున్నది. సున్నములో బెల్లము, కరక్కాయ కలుపుటను మంత్రమువలె చెప్పువారున్నారు. మేమంత దూరము పోము. సిమెంటుపై మాకు వైరమును లేదు. శ్లాబుకు, స్నానాల గదికి అదియే తగును. రాతిగోడకు మాత్రము తగదు.

సున్నపు పని తెలిసిన మేస్త్రీలు ఎక్కడ దొరకుదురు, రెండు వేసవుల అద్దె ఎవరిత్తురు అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మేస్త్రీలు తగ్గినమాట నిజము. అద్దె నష్టమును నిజమే. ఆ నష్టమును కొనుటకు ముందే ధరలో తగ్గించుకొనవలెనే గాని, రంగు క్రింద దాచి అద్దెకుండువాని నెత్తిన వేయరాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షనులో, సాధారణ జాగ్రత్తతో కొనువానికి కనబడని లోపము అమ్మువానికి తెలిసియున్నచో చెప్పి తీరవలెనని యున్నది. 108వ సెక్షను అద్దెకిచ్చువానికిని అట్టి బాధ్యతనే పెట్టినది. తాము మోసపోయి కొన్నవారే మరునాడు అదే గోడకు అదే రంగు వేసి అద్దెకిచ్చుట మనము నిత్యము చూచుచున్నాము. దానిని వ్యాపారమనుచున్నారు.

ఆ అద్దెకుండువారెవరు? పల్లెలనుండి వచ్చి ముగ్గురు నలుగురు కలిసి ఒక గది తీసుకొని చదువుకొను మన విద్యార్థులే. నిమ్ము, బూజు ఉన్న ఇండ్లలో ఉబ్బసము, శ్వాసకోశ వ్యాధులు హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకములలో చెప్పినది. ఒకరి ఉపకారవేతనము మరియొకరి ఊపిరితిత్తులనుండి రాబట్టుటకు మన కమిటీ అంగీకరింపదని మా నమ్మకము.

కావున మా మనవి స్వల్పమైనది. ఏ ఇంటినైనను వేసవిలో చూచి బేరమాడవద్దు. ఒక వానకాలము గడువనిండు. గోడ క్రిందిభాగమునకు మాత్రమే కొత్త రంగున్న ఇంటిని రెండుసార్లు చూడుడు. కాలువకు, మిద్దెకు కావలసిన సొమ్ము తీసి పక్కన పెట్టిన తరువాతనే రంగుల మాట ఎత్తుడు. ప్రస్తుతము పరిశీలనలో నున్నదని చెప్పుకొనుచున్న ఇంటిని మేము మొన్న వెళ్ళి చూచినాము. యజమాని అనుమతితో వెనుకగదిలో ఒక పాలిథీను ముక్క అంటించి రెండు దినములకు తీసినాము. గోడవైపు నీటిబొట్లు నిలిచియున్నవి. అది ఏప్రిలు మాసము. సెప్టెంబరు వానలలో ఒక ఆదివారము కమిటీ సభ్యులు వీలు చేసుకొన్నచో వారి వెంట వచ్చి ఆ గోడను చూపుటకు మేము సిద్ధముగా నున్నాము.