బోరు నీటిని కొలిచేదెవరు?

నారికురుపు పేరు ఇప్పటి పిల్లలు వినలేదు. వాళ్ల తాతలకు మాత్రం బాగా తెలుసు. దిగుడుబావి మెట్ల మీద మోకాలి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకునే ఊళ్లలో అది ఏటా వచ్చేది. నీటితోపాటు కడుపులోకి వెళ్లిన పురుగు ఏడాదిపాటు ఒంట్లో పెరిగి, మూరకు మించిన పొడవున కాలిని చీల్చుకుని బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి, తెగిపోకుండా రోజుకు కొంచెం చొప్పున లాగడమే వైద్యం. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో భారత్‌కు ఈ జబ్బు నుంచి విముక్తి లభించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. దీనికి టీకా లేదు, జబ్బును నయం చేసే మందూ లేదు. దిగుడుబావుల్లోకి దిగడం మానిపించడం, నీళ్లు గుడ్డతో వడకట్టుకోవడం, ఊరూరా బోరింగులు వేయడం, ఇవే దాన్ని తరిమాయి.

అందుకే బోరింగును తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. 1967 కరువు కాలంలో యూనిసెఫ్ గట్టి రాతిని తొలిచే యంత్రాలను మన దేశానికి తెప్పించింది. డెబ్బైల్లో ‘ఇండియా మార్క్ 2’ చేతిపంపు తయారైంది. ఊళ్లో ఎవరైనా కొట్టగలిగేలా, తొందరగా పాడవకుండా రూపొందించిన ఆ పంపు తర్వాత ఆఫ్రికా దేశాలకూ వెళ్లింది. ఎన్ని కలరాలు, ఎన్ని విరేచనాలు ఆ ఇనుప గొట్టం దగ్గరే ఆగిపోయాయో లెక్క చెప్పలేం.

అయితే ఆ గొట్టం ఏ రాతిలోకి దిగుతోందన్న ప్రశ్నను తగినంతగా పట్టించుకోలేదు. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం ప్రాంతాల్లో నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. దానిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీటిలోకి దిగుతుంది. నీరు ఆ రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువగా చేరుతుంది. క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో మరీ ఎక్కువ. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లలకు గార పళ్లు వస్తాయి. తర్వాత వెన్ను బిగుసుకుంటుంది, మెడ తిరగదు, నడుము వంగిపోయి మళ్లీ లేవదు.

ఇది ఎవరూ ఊహించని ప్రమాదమా? కాదు. బోర్లు రాకముందే, మామూలు బావుల నీటితోనే ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశం ప్రాంతంలోని ఊళ్లలో దాన్ని గుర్తించి, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లోనే వివరంగా ప్రచురించారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న యువకుల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. రాతిలో ఏముందో తెలిసిన తర్వాతే మన ఊళ్లలో బోర్లు దిగాయి. తెలిసినవారు ఒక శాఖలో ఉన్నారు, తవ్వేవారు మరో శాఖలో ఉన్నారు. ఎన్ని బోర్లు వేశామన్నదే పనికి కొలమానమైంది. ఆ నీళ్లు తాగిన పిల్లవాడి ఎముకలు ఏ పద్దులోకీ రాలేదు.

బంగ్లాదేశ్ కథ ఇంతకన్నా పెద్దది. చెరువు నీళ్లు తాగి పసిపిల్లలు విరేచనాలతో చనిపోతుంటే, డెబ్బైల నుంచి అక్కడ లక్షల గొట్టపు బావులు వేశారు. ఆ నేలలో ఆర్సెనిక్ ఉంది. సరిహద్దుకు ఇవతల, కోల్‌కతాలో చర్మవైద్యుడు కె.సి. సాహా 1983లోనే రోగుల చర్మం మీది మచ్చలను చూసి ఆర్సెనిక్ విషాన్ని గుర్తించారు. అవతల అది బయటపడటానికి మరో పదేళ్లు, 1993 దాకా పట్టింది. 2000 నాటికి 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది ముప్పులో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అంచనా వేశారు. ఒక జనాభాపై విషప్రభావానికి చరిత్రలో ఇంతకు మించిన ఉదాహరణ లేదని కూడా అక్కడే రాశారు.

బంగ్లాదేశ్ బావుల నీటిపై బ్రిటిష్ భూగర్భ సర్వే సంస్థ 1992లో ఒక నివేదిక ఇచ్చింది. అందులో చాలా మూలకాలను కొలిచారు, ఆర్సెనిక్‌ను కొలవలేదు. బాధితుడైన ఒక గ్రామస్థుడు లండన్ కోర్టుకెక్కాడు. ఆ సంస్థకు అతని పట్ల చట్టపరమైన బాధ్యత లేదని 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. చట్టం దృష్టిలో అది సరైన తీర్పే కావచ్చు. కానీ కొలవని దానికి జవాబుదారీ ఎవరన్న ప్రశ్న ఆ తీర్పుతో తీరలేదు.

పరీక్షలంటూ కూర్చుంటే ఆలోపు పిల్లలు చనిపోయేవారు కదా అని కొందరు ఇంజనీర్లు అడుగుతారు. ఆ మాటలో నిజం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. జవాబు కూడా బంగ్లాదేశ్‌లోనే ఉంది. ఆలస్యంగానైనా అక్కడ సుమారు 50 లక్షల బావులను పరీక్షించారు. విషమున్న పంపుకు ఎర్రరంగు, లేనిదానికి ఆకుపచ్చ రంగు వేశారు. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఎర్ర పంపు పక్కనే ఆకుపచ్చ పంపు కనిపించిన చోట్లు ఎన్నో. చాలామంది బిందె పట్టుకుని పక్కింటి పంపుకు మారారు. అలా మారడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త బావీ అక్కర్లేదు. కొలిచి, ఆ ఫలితాన్ని జనం కంటికి కనబడేలా చెప్పడమే అక్కడ వైద్యమైంది. తవ్వినరోజే ఆ పని చేసి ఉంటే ఎంతమంది బతికేవారు!

మన దగ్గర నల్లగొండ పేరు ఒక శుద్ధి విధానానికి కూడా పెట్టారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతి అది, నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. శాస్త్రీయంగా సరైనదే. కానీ రోజూ పాళ్లు చూసి కలిపే మనిషి కావాలి, అడుగున చేరిన మడ్డిని తీసి పారేసే చోటు కావాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారో తేలని చోట అలాంటి ప్లాంటు మూలపడక తప్పదు. తర్వాత మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీరు నల్లాల్లోకి వచ్చింది, అది నిజంగా గొప్ప మేలు. అయితే అప్పటికే వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. నల్లా రాని రోజున పాత బోరు అక్కడే ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇంకా కఠినం. అక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, ఇలా ఎన్నో అనుమానాలున్నా కారణం ఇప్పటికీ ఇదీ అని తేలలేదు. హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చారు, పలాసలో ఆసుపత్రి కట్టారు. అంతటితో పరిశోధన ముగిసిందనుకుంటే పొరపాటు. కొత్త నీళ్లు తాగి పెరిగే పిల్లల రక్తంలో క్రియాటినిన్‌ను ఏళ్ల తరబడి చూస్తేనే నీటిపై అనుమానం నిజమో కాదో తెలుస్తుంది.

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పే ఏర్పాటు ఉంది. వాళ్లకు గౌరవవేతనం, కిట్లలో అయిపోయిన రసాయనాలు ఎప్పటికప్పుడు అందాలి. వానకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేసిన పరీక్షల అంకెలను ఫైలులో దాచకుండా పంచాయతీ గోడ మీద రాయాలి. వీధివీధిలో వెలసిన ఆర్‌ఓ ప్లాంట్లు వదిలేసే గాఢమైన నీరు మళ్లీ ఏ నేలలోకి ఇంకుతోందో చూడాలి. బడిలో, అంగన్‌వాడీలో వేసే ప్రతి కొత్త బోరుకు, కాంట్రాక్టరు బిల్లు చెల్లించే ముందే ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ ఫలితాలు ఆ ఫైలుకు జతకావాలి. ఈ ఒక్క నిబంధనకు కావాల్సింది ఒక జీవో.