దత్తాంశనిధుల పునరుద్ధరణము: కాలవిచారము

ఒక గ్రంథమునకు ప్రతి యున్నచో ఆ గ్రంథము సురక్షితమని భావించుట లోకసహజము. తాటియాకుల కాలము నుండి కంప్యూటర్ల కాలము వఱకు ఈ భావన మాఱలేదు. నేడు గ్రంథాలయ పట్టికలు, వ్రాతప్రతుల సూచికలు, పరీక్షా ఫలితములు, నిఘంటు నిర్మాణమునకై సేకరించిన పదములు మున్నగునవి డేటాబేస్ అని వ్యవహరింపబడు దత్తాంశనిధులలో చేరియున్నవి. 2003లో జాతీయ పాండులిపి మిషన్ ఏర్పడిన పిమ్మట వ్రాతప్రతుల వివరములను కంప్యూటరులో నిక్షేపించు కార్యము దేశమంతటను విస్తరించినది. ఈ నిధుల రక్షణమును గూర్చి ప్రశ్నించినచో సాధారణముగా లభించు సమాధానము "బ్యాకప్ ఉన్నది" అనునదే. ఈ సమాధానము అసత్యము కాదు, అసంపూర్ణము. ఆ ప్రతినుండి మూలమును తిరిగి నిలుపుటకు ఎంత కాలము పట్టును, నిలిపిన నిధి పూర్వరూపముతోనే యుండునా అను రెండు ప్రశ్నలు తేలనిదే బ్యాకప్ యొక్క విలువ నిర్ణయము కాదు. వీనిలో కాలమునకు సంబంధించిన ప్రశ్న మిక్కిలి ఉపేక్షకు గురియైనది.

ప్రాచ్యవిద్యా సంప్రదాయమునకు ఈ విచారము క్రొత్తది కాదు. వేదరక్షణమునకై పూర్వులు సంహితాపాఠముతో తృప్తి చెందక పద, క్రమ, జటా, ఘనాది పాఠములను ఏర్పఱచిరి. ఒక పాఠమున దొరలిన స్ఖాలిత్యము మఱియొక పాఠమున బయటపడును. అంతకంటె ముఖ్యమైన విషయము నిత్యాధ్యయనము. వల్లెవేయుట యనగా స్మృతిలోనున్న ప్రతిని అనుదినము వెలికి తీసి పరీక్షించుటయే. వ్రాతప్రతుల విషయమునను ఇంతే. లేఖకుడు వ్రాసినంతనే ప్రతి ప్రమాణము కాదు. మాతృకతో సరిచూచిన పిమ్మటనే దానికి ప్రామాణ్యము సిద్ధించును. పరహస్తగత ధనమును గూర్చిన సుభాషితము నెఱుగనివారు ప్రాచ్యకళాశాలలలో నుండరు. కార్యకాలమునకు చేతికందని బ్యాకప్ కూడ ఆ కోవకు చెందినదే.

పరీక్షింపని ప్రతుల గతి యెట్లుండునో తెలుపు ఉదంతము 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను సంస్థలో సంభవించెను. సాఫ్ట్‌వేర్ నిర్మాతల కృషిని భద్రపఱచుట ఆ సంస్థ వ్యాపారము. దాని దత్తాంశనిధి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను వ్యవస్థపై నడచుచుండెను. సహాయక సర్వరులోని ఫైళ్లను తొలగింపబోయి ఒక ఇంజనీరు ప్రధాన సర్వరులోని ఫైళ్లను తొలగించెను. పొరపాటు గుర్తించి నిలుపునప్పటికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలెను. బ్యాకప్పుల కొఱకు వెదకగా అసలు స్థితి వెల్లడియైనది. నిత్యము ప్రతి తీయవలసిన ప్రోగ్రాము 9.2వ సంపుటిది, దత్తాంశనిధి 9.6వ సంపుటిది. ఈ పొత్తు కుదరనందున ఆ ప్రోగ్రాము విఫలమగుచునే యుండెను. వైఫల్యమును తెలుపు ఈమెయిళ్లు గమ్యము చేరక తిరస్కరింపబడుచుండెను. ప్రతులుండవలసిన నిల్వస్థానము శూన్యముగా నుండెను. తుదకు వేఱొక పనికై సుమారు ఆఱు గంటలకు పూర్వము చేతితో తీసిన ఒక ప్రతి మాత్రమే ఆధారమైనది. అది మందగతిగల యంత్రముపై నుండుటచే దానిని తరలించుటయే మహాప్రయాసమైనది. సేవలు సుమారు 18 గంటలు స్తంభించినవి. ఆఱు గంటల వ్యవధిలో చేరిన సమాచారము, అనగా సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 నూతన ఖాతాలకు సంబంధించినది, నశించెను. జరిగినదంతయు దాచక ప్రకటించుట ఆ సంస్థ చేసిన మేలు.

ఈ ఉదంతమున రెండు నష్టములు కలవు. చివరి ప్రతి తీసిన పిదప చేరిన సమాచారము పోవుట మొదటిది. పునరుద్ధరణము పూర్తియగువఱకు పని నిలిచిపోవుట రెండవది. బ్యాకప్పులను తఱచుగా తీయుటచే మొదటి నష్టము తగ్గును, రెండవది తగ్గదు. దానికి ప్రతి యొక్క స్వరూపమును, అది వచ్చు మార్గమును తెలిసికొనవలెను.

దత్తాంశనిధి ప్రతులు ప్రధానముగా ద్వివిధములు. నిధిలోని ప్రతి నమోదును తిరిగి వ్రాయుటకు వలయు ఆజ్ఞల రూపమున తీసినది మొదటి విధము. దీనిని డంప్ అని వ్యవహరింతురు. ఇది పరిమాణమున చిన్నది. ఒక యంత్రము నుండి మఱియొక యంత్రమునకు, పాత సంపుటి నుండి క్రొత్త సంపుటికి తరలించుటకు అనుకూలమైనది. కాని పునరుద్ధరించునపుడు నమోదులన్నియు మఱల వ్రాయబడవలెను. ఇండెక్సులన్నియు మఱల కట్టబడవలెను. పట్టికల పరస్పర సంబంధములు మఱల పరీక్షింపబడవలెను. ప్రతి తీయుటకు పట్టిన కాలమునకు అనేక రెట్లు తిరిగి నిలుపుటకు పట్టుట ఇందుచేతనే. నిధి నిలిచియున్న ఫైళ్లను యథాతథముగా గ్రహించినది రెండవ విధము. ఇందు ఇండెక్సులను తిరిగి కట్టు పని లేదు. తదనంతరము జరిగిన మార్పుల దినచర్యను దానికి జోడించినచో కోరిన క్షణము వఱకు నిధిని తీసికొనిరావచ్చును. పెద్ద నిధులకు ఈ మార్గమే శీఘ్రతరము.

మొదటి విధమునను వేగము పెంచు ఉపాయములు లేకపోలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2009లో వెలువడిన 8.4వ సంపుటి నుండి పునరుద్ధరణమును ఏకకాలమున పలు ధారలుగా నడుపు సౌకర్యమును కల్పించినది. అయితే ఆజ్ఞలన్నియు ఒకే సాదా పాఠముగా తీసిన డంపునకు ఈ సౌకర్యము వర్తింపదు. ప్రతి తీయునపుడే తగిన రూపమును ఎన్నుకొనవలెను. మొదట నమోదులను చేర్చి పిమ్మట ఇండెక్సులను కట్టుట, కట్టునపుడు ఆ పనికి అధికముగా మెమొరీని కేటాయించుట మఱికొన్ని ఉపాయములు.

ఇక మార్గము. ఒక టెరాబైటు దత్తాంశమును సెకనుకు 100 మెగాబైట్ల వేగముతో చదువు డిస్కు నుండి తెచ్చుటకు 10,000 సెకన్లు, అనగా సుమారు 2 గంటల 47 నిమిషములు పట్టును. అదే దత్తాంశమును 100 మెగాబిట్ల ఇంటర్నెట్ సంధానముపై దూరము నుండి తెచ్చుటకు 80,000 సెకన్లు, అనగా 22 గంటలకు పైగా పట్టును. ఎనిమిది బిట్లు ఒక బైటు అను సామాన్య విషయమును మఱచుటచే పలువురు ఈ లెక్కలో తప్పుదురు. దూరమున నున్న ప్రతి అగ్నిప్రమాదము, వరదల నుండి కాపాడును. సమీపమున నున్న ప్రతి కాలమును కాపాడును. రెండును ఉండవలెను.

కాలహాని యెంత దూరము పోగలదో మఱి రెండు ఉదంతములు తెలుపును. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థపై సైబర్ దాడి జరిగెను. అయిదు సర్వర్లు దెబ్బతిన్నవి. దాడి సోకని బ్యాకప్ సర్వరు ఒకటి మిగిలియుండుటచే సమాచారము దక్కినది. అయినను రోగుల నమోదు మొదలగు ప్రధాన కార్యములు యథాస్థితికి వచ్చుటకు సుమారు రెండు వారములు పట్టినది. అంతవఱకు పనులు చేతివ్రాతతో నడచినవి.

రెండవ ఉదంతము గ్రంథాలయములకు మఱింత సన్నిహితమైనది. 2023 అక్టోబరు 28వ తేదీన లండనులోని బ్రిటిష్ లైబ్రరీ సైబర్ దాడికి లోనైనది. డిజిటల్ సేకరణలకు భద్రమైన ప్రతులు ఆ సంస్థకడ నుండెను. కాని వానిని నిలుపుటకు తగిన సర్వర్ల వ్యవస్థయే ధ్వంసమైనది. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్ని నూతన వ్యవస్థపై నడువనే నడువవు. 2024 మార్చిలో ఆ సంస్థయే ప్రకటించిన నివేదికలో ఈ విషయము స్పష్టముగా కలదు. ప్రధాన పట్టిక 2024 జనవరి 15న, అనగా 79 దినముల తరువాత, వెదకుటకు మాత్రము వీలగు రూపమున తిరిగి వచ్చెను. ఈ సంస్థ తెలుగువారికి పరాయిది కాదు. ఇండియా ఆఫీసు లైబ్రరీ సేకరణలును, బ్రిటిష్ మ్యూజియము తెలుగు పుస్తకములును నేడు అచటనే యున్నవి. పుస్తకములు అలమరలలో క్షేమముగా నున్నను ఏ పుస్తకము ఏ అలమరలో నున్నదో తెలుపు పట్టిక లేనిచో పరిశోధకునకు అవి లేనివానితో సమానమే.

ఇచట కొన్ని పూర్వపక్షములు కలవు. ఆస్పత్రికి గంటలు ముఖ్యము కాని ప్రాచీన గ్రంథముల సూచిక వారము దినములు ఆలస్యమైనచో కొంప మునుగునా అనునది మొదటిది. సిద్ధాంతవ్యాసమును సమర్పింపవలసిన గడువు, దూరప్రాంతము నుండి నాలుగు దినములకై వచ్చిన పరిశోధకుని శ్రమ ఎదుట నుండగా వారము స్వల్పకాలము కాదు. ఇంతకంటె బలవత్తరమైన హేతువు మఱియొకటి కలదు. ఎంత కాలము పట్టునో తెలియకపోవుట యనగా ఎన్నడును పరీక్షింపకపోవుట. పరీక్షింపని ప్రతి వారమునకు కాదు, ఎప్పటికిని రాకపోవచ్చును.

రెండవ పూర్వపక్షము: ప్రధాన సర్వరుతోపాటు నడచు ప్రతిబింబ సర్వరున్నచో చాలదా? చాలదు. ప్రతిబింబము మూలమును తక్షణమే అనుసరించును. మూలమున పొరపాటున చెఱిపిన నమోదు ప్రతిబింబమునను ఆ క్షణమే చెఱిగిపోవును. అది యంత్రము చెడినపుడు ఉపకరించును. మనుష్యుడు పొరబడినపుడు ఉపకరింపదు.

మూడవది: అచ్చుపట్టిక యున్నది కదా? ఈ పక్షమున కొంత సత్యము కలదు. బ్రిటిష్ మ్యూజియములోని తెలుగు పుస్తకములకు బార్నెట్ కూర్చిన పట్టిక 1912లోనే ముద్రితమైనది. విద్యుత్తు, సర్వరు అక్కఱలేని అట్టి పట్టికలను పాతవని త్రోసివేయుట అవివేకము. కాని 1912 పట్టిక తదనంతరము చేరిన పుస్తకమును చూపలేదు. అచ్చుప్రతి ఆపద్ధర్మమే కాని పునరుద్ధరణము కాదు.

తెలుగు, సంస్కృత దత్తాంశములకు ప్రత్యేకమైన చిక్కులును కలవు. యూనికోడ్ వ్యాప్తికి రాకమునుపు నిర్మించిన నిధులు అనేకము ఆయా ఫాంట్లకే పరిమితమైన సంకేతములతో నున్నవి. అట్టి నిధిని పునరుద్ధరించినచో బైట్లన్నియు వచ్చును. ఆ ఫాంటు లేనిచో అక్షరములు రావు. అకారాది క్రమమునకు సంబంధించిన చిక్కు మఱింత సూక్ష్మమైనది. 2018లో వెలువడిన జీలిబ్‌సీ 2.28వ సంపుటిలో అక్షరక్రమ నియమములు మాఱినవి. పాత నియమములతో కట్టిన ఇండెక్సులను ఫైళ్లతో సహా నూతన యంత్రముపై నిలిపినచో, ఉన్న పదము లేదని సమాధానము వచ్చుటకు అవకాశము కలదు. అట్టి సందర్భమున ఇండెక్సులను తిరిగి కట్టితీరవలెను. నమోదుల సంఖ్య సరిపోయినంతనే పునరుద్ధరణము సఫలమైనదని నిశ్చయించుట ఎంత ప్రమాదకరమో ఇందువలన తెలియును.

కావున వ్రాతప్రతుల సూచికలను నిర్వహించు ప్రతి సంస్థయు సంవత్సరమునకు రెండు పర్యాయములైనను పునరుద్ధరణ పరీక్ష జరుపవలెను. మూలయంత్రమును తాకక వేఱొక కంప్యూటరుపై జరుపవలెను. నిత్యము బ్యాకప్ తీయు ఉద్యోగి కాక మఱియొకరు, వ్రాసియుంచిన సూచనలను మాత్రమే చూచి జరుపవలెను. ఒక్కని జ్ఞాపకముపై ఆధారపడిన విద్య అతని పదవీ విరమణతో ముగియును. ఆరంభించిన సమయమును, ముగిసిన సమయమును పుస్తకమున నమోదు చేయవలెను. సంయుక్తాక్షరములు, శకటరేఫములు గల కొన్ని గ్రంథనామములను ముందే ఎన్నుకొని, అవి సరిగా కనబడుచున్నవా, వెదకినచో దొరకుచున్నవా అని చూడవలెను. కొన్ని గిగాబైట్ల సూచికకు ఈ పరీక్ష ఒక సాయంకాలపు పని. దీనికి వలయునది ఒక పాత కంప్యూటరు మాత్రమే. డిజిటలీకరణమునకు నిధులు కోరు ప్రణాళికలలో స్కానర్లకు, డిస్కులకు కేటాయింపులు చూపుట యున్నది. పునరుద్ధరణ పరీక్షకు పద్దు చూపుట అరుదు. నిధులిచ్చువారు ఆ పద్దు లేని ప్రణాళికను అసంపూర్ణముగా పరిగణించుట న్యాయము.

జీర్ణించిన తాటియాకుల నుండి ఒక్కొక్క అక్షరమును కూడదీసి సూచికలుగా కూర్చిన పండితులలో అనేకులు నేడు లేరు. వారి చదువు, వారి కన్నులు తిరిగి లభింపవు. ఆ శ్రమఫలము ఇప్పుడు ఒక దత్తాంశనిధి యందున్నది. దానికి ప్రతి కలదా యని అడుగుటతో పరిశీలకులు తృప్తి చెందరాదు. ఆ ప్రతిని కడపట ఏనాడు తిరిగి నిలిపి చూచిరి, అందులకు ఎన్ని గంటలు పట్టినది అని అడుగవలెను. ఈ ప్రశ్నకు తేదీతో, గంటల సంఖ్యతో సమాధానము చెప్పగలిగిన సంస్థకే ఆ పండితుల కృషిని భద్రపఱచితిమని చెప్పుకొను అర్హత కలదు.