పండగ ఇంట్లో హత్య: ఎవరి చావుకి విచారణ?

పోయిన సంక్రాంతి సెలవులకి ఊరికి వెళ్తూ డిచ్‌పల్లి యూనివర్సిటీ విద్యార్థిని ఒకమ్మాయి నా చేతిలో ఒక ఇంగ్లీషు నవల పెట్టింది. "మీరిట్లాంటివి చదవరు గానీ మేడం, ఒకసారి చూడుండ్రి" అంది. అగాథా క్రిస్టీ రాసిన 'హెర్క్యూల్ పొయిరోస్ క్రిస్మస్'. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పు లేదు. నేరకథలు స్త్రీల శవాల మీద బతికే సాహిత్యం అని నేనే ఎన్నో మీటింగుల్లో చెప్పాను. డిటెక్టివ్ పాకెట్ పుస్తకాల అట్టలు గుర్తున్నవాళ్ళెవరూ ఆ మాట కాదనలేరు. ఒక పిస్తోలు, ఒక కత్తి, నేల మీద ఒక ఆడమనిషి.

కానీ ఆ మాట చెప్పేటప్పుడు నా చిన్నతనంలో చూసినదొకటి దాచిపెట్టాను. సెలవులొస్తే నిజామాబాదు అద్దె లైబ్రరీ నుంచి మా వీధికి డిటెక్టివ్ నవలలు వచ్చేవి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో. అరుగు మీద చదువొచ్చిన పిల్ల ఒకతె పైకి చదువుతుంటే మిగతా ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. బీడీ పనికి శీతాకాలం సెలవులేం ఉండవు. వెయ్యి బీడీల లెక్క పండగనాడైనా వెయ్యే. కథలో ఆడమనిషి చచ్చిపోయిందంటే వాళ్ళు ఊరుకునేవాళ్ళు కారు. "ఆమె తల్లిగారోళ్ళు రాలేదా? ఎవ్వరడగలేదా?" అని చదివే పిల్లని నిలదీసేవాళ్ళు. ఆ ప్రశ్న డిటెక్టివ్ ఎప్పుడూ అడగలేదు. హంతకుడెవరన్నదొక్కటే ఆయన ధ్యాస.

క్రిస్మస్ సెలవుల్లో హత్య జరిగే కథలకి ఇంగ్లీషులో పెద్ద సంప్రదాయమే ఉంది. కానన్ డాయల్ షెర్లాక్ హోమ్స్ చేత క్రిస్మస్ బాతు కడుపులో దొరికిన నీలిరాయి గుట్టు విప్పించింది 1892లో. 1937లో ఫార్జన్ అనే రచయిత మంచులో చిక్కిన రైలు ప్రయాణికుల మీద రాసిన 'మిస్టరీ ఇన్ వైట్'ని బ్రిటిష్ లైబ్రరీ 2014లో మళ్ళీ వేస్తే విరగబడి కొన్నారట. బయట మంచు, దారులు మూత, లోపల చలిమంట. ఏడాది పొడుగునా ఒకరి మొహం ఒకరు చూడని అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర కూర్చుని నవ్వాలి. ఆస్తి మాట ఎవరూ ఎత్తరు, అందరి మనసులోనూ అదే. పండగ రోజున మంచిగా ఉండి తీరాలన్న ఒత్తిడే మనుషుల్ని పగిలేదాకా తెస్తుందని ఈ రచయితలు కనిపెట్టారు. కుటుంబం గురించి మనం సెమినార్లలో తంటాలు పడి చెప్పే సంగతిని వాళ్ళు రెండు వందల పేజీల్లో, చలిలో దుప్పటి కప్పుకుని చదివేలా చెప్పారు. నాకు కొంచెం అసూయే కలిగింది.

క్రిస్టీ నవల 1938లో వచ్చింది. మీ హత్యలు మరీ నాజూకైపోయాయి, రక్తం కనిపించే హత్య ఒకటి రాయరాదా అని బావగారు దెప్పితే రాశానని ఆమే ముందుమాటలో చెప్పుకుంది. సిమియన్ లీ అనే ముసలి కోటీశ్వరుడు కొడుకులందర్నీ క్రిస్మస్‌కి పిలిపించి, వీలునామా మారుస్తానని వాళ్ళకి వినపడేలా లాయరుకి ఫోను చేస్తాడు. ఆ రాత్రే లోపల తాళం వేసిన గదిలో గొంతు కోసి చంపేస్తారు. చివర చెప్పేస్తున్నాను, చదవబోయేవాళ్ళు క్షమించాలి: చంపింది దర్యాప్తుకి వచ్చిన పోలీసు అధికారే. ముసలాయన వాడుకుని, డబ్బు పడేసి వదిలించుకున్న ఒకామె కొడుకు.

నన్ను పట్టుకున్నది ఆ మలుపు కాదు. ఆ ఇంట్లో అంతకుముందే ఒక చావు జరిగింది. సిమియన్ లీ భార్య ఎడిలేడ్. మొగుడు తన వ్యవహారాలన్నీ ఆమె మొహం మీదే చెప్తూ బతికాడు, ఆమె కుంగి కుంగి పోయింది. అమ్మని నాన్నే చంపాడని ఒక కొడుకు నమ్ముతాడు. ఆ చావుకి మాత్రం పొయిరో రాడు, గదులు వెతకడు, వాంగ్మూలాలు తీసుకోడు. అది నేరం కాదు కదా, సంసారం! క్రిస్టీకి ఈ తేడా తెలియదని నేననుకోను. తెలిసే పెట్టింది. కానీ పెట్టి ముందుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు మన పండగలు చూడండి. మనకి మంచు లేదు గానీ మిగతావన్నీ ఉన్నాయి. ఆడపిల్ల పుట్టింటికి రావాలి, అల్లుడికి పెట్టాలి. కోస్తాలో అది సంక్రాంతి, మన దగ్గర దసరా, పేరు మారుతుంది గానీ పెట్టుపోతల లెక్క మారదు. బోధన్ వైపు చలికాలం అంటే చెరకు కొట్టే కాలం, చేతిలో డబ్బు ఆడే కాలం. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఆ డబ్బు పోయింది, బండి కావాలి, తులం కావాలి అనే అడుగుడు మాత్రం పోలేదు. ఏళ్ళ తర్వాత గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన భర్త ఫోన్లు తీసి చూడడం, పంపిన పైసలకి లెక్క అడగడం కూడా ఈ సెలవుల్లోనే. కేసుల్లో తిరిగిన మీకు నేను కొత్తగా చెప్పేదేముంది.

అలాంటి ఇంట్లో ఒక పిల్ల చనిపోతే పేపర్లో ఏం వస్తుంది? 'కడుపునొప్పి తాళలేక'. పరిశోధన రోజుల్లో నేను శవ పంచనామాలు కట్టలు కట్టలుగా చదివాను. ఆ ఫారం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బతికుండగా చివరిసారి చూసినదెవరు? శవాన్ని మొదట చూసినదెవరు? ఒంటి మీద గాయాలేమిటి? చావుకి కారణమేమిటని పంచుల అభిప్రాయం? యుగంధర్ అడిగే ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి. జవాబులే లేవు. చివరిసారి చూసింది అత్తగారు, మొదట చూసింది అత్తగారు, పంచులేమో అత్తవారి ఊరి మగవాళ్ళు. కింద సంతకాలు. అయిపోయింది.

ఆ ఫారానికి కొంచెమైనా ప్రాణం పోసింది మన ఉద్యమమే. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా పోస్టుమార్టం జరగాలని 1983లో చట్టం మార్చారు. 1986లో వరకట్న మరణం 304-బి కింద ప్రత్యేక నేరమైంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షను. నంబర్లు మారాయి, మన దగ్గరున్న పాత కరపత్రాలు మార్చుకోవాలి. చట్టం ప్రకారం మేజిస్ట్రేటు విచారణ జరగాలి, అంటే మన ఊళ్ళలో తహసీల్దారు రావాలి. పండగ సెలవుల్లో తహసీల్దారు దొరకడు, డాక్టరు దొరకడు, శవం ఎక్కువసేపు ఉంచకూడదని పెద్దమనుషులు తొందరపెడతారు. నేరకథలో సెలవులు హంతకుణ్ణి ఇంట్లో బంధిస్తాయి. మన దగ్గర సెలవులు వాణ్ణి కాపాడతాయి.

విచారణ జరిగిన చోట మాత్రం ఏమైంది? 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో లేడీస్ హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకి గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకొచ్చారు. 2010లో అతనికి శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అంది. తర్వాత కేసు సీబీఐకి వెళ్ళింది, పన్నెండేళ్ళకి శవాన్ని తవ్వి తీశారు. కోర్టులో ఉండాల్సిన వస్తుసాక్ష్యాలు ధ్వంసమైపోయాయని తేలింది. ఆ తల్లి మొదటి రోజు నుంచీ ఇతను కాదనే చెప్పింది. వినలేదు. 'దిశ' ఉదంతంలో దీనికి తలకిందులు. 2019 నవంబరు 27న ఘోరం జరిగితే డిసెంబరు 6 తెల్లవారేసరికి నలుగురు నిందితులూ శవాలయ్యారు, జనం పూలు చల్లారు. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అప్పుడు మనలో ఎంతమందిమి గట్టిగా మాట్లాడాం? మనకి కూడా ఆఖరి పేజీ తొందరగా కావాలనిపించింది. ఒప్పుకుందాం.

హింసని వినోదం చేసే సాహిత్యం మనకెందుకు అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం నాకూ ఉంది, అట్టల మీది ఆడమనిషి ఇంకా పోలేదు. కానీ ప్రతి చావుకీ ఎవరో ఒకరు వచ్చి 'ఎట్లా జరిగింది?' అని అడిగి తీరాలన్న పట్టుదల ఈ కథల్లో తప్ప ఇంకెక్కడుంది? కవిత్వంలో మనం దుఃఖం రాశాం, కథల్లో కోపం రాశాం. దర్యాప్తు రాయలేదు. ఎడిలేడ్ చావు దగ్గర మొదలయ్యే నవల తెలుగులో రావాలి. అందులో డిటెక్టివ్ ఊళ్ళ నుంచి వచ్చిన మేనత్తో, అంగన్‌వాడీ టీచరో, ఆస్పత్రిలో మరణ వాంగ్మూలం వేళకి భర్త తరఫువాళ్ళని మంచం దగ్గర్నుంచి బయటికి పంపిన నర్సో కావచ్చు. మీలో చాలామంది అలాంటి పని చేసినవాళ్ళే.

పుస్తకం ఆ అమ్మాయికి తిరిగి ఇచ్చేశాను, ఖాళీ పంచనామా ఫారం జిరాక్సు ఒకటి లోపల పెట్టి. మీకూ అదే అడుగుతున్నాను. మీరు తిరిగిన కేసుల్లో పండగ సెలవుల్లో జరిగిన చావు ఒకటి తీసుకుని, ఆ ఫారంలో నింపకుండా వదిలేసిన గళ్ళు నింపుతూ కథగా రాసి పత్రికకి పంపండి. పేర్లు, ఊళ్ళు మార్చండి. తేదీ మాత్రం అదే ఉండనివ్వండి.